బల్ల ఎవరికి ఒదగాలి?: సర్దుబాటు రాతబల్లలు, కంప్యూటర్ పనిస్థల ఉపకరణాల ఆవిష్కరణ చరిత్ర

వ్యాససంగ్రహం: ఎత్తు, వాలు మార్చుకోగల రాతబల్లలు 18వ శతాబ్దిలోనే ఐరోపా సంపన్న గృహాలలో ఉన్నాయి. రెండు శతాబ్దాల తరువాత కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగికి అదే సౌకర్యం దక్కడానికి యంత్రకౌశలం ఒక్కటే చాలలేదు. వైద్యుల పరిశీలనలు, ఉద్యోగుల ఆందోళనలు, చట్టాలు, ప్రమాణాలు తోడైతే తప్ప ఆ పని జరగలేదు. సర్దుబాటు చేసుకొనే అధికారం ఏ కాలంలో ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న కేంద్రంగా ఈ వ్యాసం ఆ పరిణామాన్ని పరిశీలిస్తుంది.

కీలక పదాలు: రాతబల్ల, సర్దుబాటు, ఎర్గొనామిక్స్, కీబోర్డు, మానిటర్ చేయి, పేటెంటు, గుమాస్తా శ్రమ.

లేఖకుల వ్యాధి, వైద్యుడి బల్ల

ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని వృత్తుల వల్ల కలిగే వ్యాధులపై తన గ్రంథాన్ని 1700లో మోదెనాలో ప్రచురించాడు. 1713లో పాదువాలో వెలువడిన విస్తృత ముద్రణలో లేఖకులను, గుమాస్తాలను గురించి ఒక అధ్యాయం చేర్చాడు. వారి బాధలకు అతడు చూపిన కారణాలు మూడు. ఎడతెగకుండా కూర్చోవడం మొదటిది. చేతిని విరామం లేకుండా ఒకే తీరున కదపడం రెండవది. లెక్కలో తప్పు దొర్లరాదన్న మానసిక ఒత్తిడి మూడవది. మూడు వందల ఏళ్ళ తరువాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఆరోగ్యంపై వచ్చే నివేదికలు ఈ జాబితాకు కలిపినది పెద్దగా లేదు. కళ్ళ అలసట ఒక్కటే చెప్పుకోదగిన చేర్పు.

రాయడానికి బల్ల తప్పనిసరి అన్న భావన అన్ని లేఖన సంప్రదాయాలకూ చెందినది కాదు. తాటాకు మీద గంటంతో రాసే తెలుగు లేఖకుడు ఆకును ఎడమచేతిలోనే పట్టుకొనేవాడు. ఆకు చేతితోపాటు కదిలేది కనుక కంటికి ఎంత దూరంలో ఉండాలో, ఎంత వాలుగా ఉండాలో అతడే నిర్ణయించుకొనేవాడు. కాగితం, సిరా వచ్చాక రాసే తలం స్థిరంగా ఉండవలసి వచ్చింది. నేలపై కూర్చునే షావుకారు ముందు ఏటవాలు మూత ఉన్న గల్లాపెట్టె, చదువరి ముందు వ్యాసపీఠం చేరాయి. ఐరోపాలో కుర్చీ, బల్ల జంటగా స్థిరపడ్డాయి. తలం స్థిరపడిన చోటల్లా శరీరం దానికి తగ్గట్టు వంగవలసి వచ్చింది. సర్దుబాటు బల్ల అన్నది ఆ వంపుకు వెతికిన విరుగుడు.

ఆ విరుగుడుకు ఒక వైద్యుడి పేరే నిలిచిపోయింది. జెనీవాకు చెందిన తియొదోర్ ట్రోన్షాఁ (1709–1781) వోల్టేర్‌కు వైద్యం చేసినవాడు. 1756లో పారిస్ వెళ్ళి ఓర్లియాఁ ప్రభువు పిల్లలకు మశూచి టీకా వేసి పేరు పొందినవాడు. మందుల కన్నా నడకను, గాలిని, నిటారైన భంగిమను ఎక్కువగా సిఫారసు చేసేవాడు. ఉదయపు నడకకు ఫ్రెంచి భాషలో అతని పేరు మీదుగా ఒక క్రియాపదమే పుట్టింది. గంటల తరబడి కూర్చుని రాయడం మంచిది కాదని, నిలబడి రాయడం మేలని అతడు బోధించాడు. ఆ బోధకు అనుగుణంగా వడ్రంగులు తయారుచేసిన బల్లలకు 'ట్రోన్షాఁ బల్ల' అన్న పేరు స్థిరపడింది. పైపలకను పళ్ళ కడ్డీల ఆధారంతో పైకెత్తవచ్చు. కావలసిన వాలుకు నిలపవచ్చు. ఎత్తూ వాలూ రెండూ మారే బల్ల, దానికి వైద్యపరమైన సమర్థన, వాడేవాడి చేతికి అందే మీట. ఆధునిక సర్దుబాటు బల్ల లక్షణాలన్నీ అందులో ఉన్నాయి. లేనిదల్లా వాడుకరుల సంఖ్య. ఆ బల్ల ఉన్నది రాయడం వృత్తిగా గలవారి ముందు కాదు, రాయడం తీరిక పనిగా గలవారి గదుల్లో. రమజ్జీని చూసిన గుమాస్తాకు అది అందలేదు.

ఈ వ్యత్యాసం అట్లాంటిక్‌కు ఆవలివైపు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. థామస్ జెఫర్సన్‌కు రాత ఉపకరణాలపై ఉన్న మోజు ప్రసిద్ధం. నిలబడి రాసేందుకు వాలు మార్చుకోగల పైపలకతో ఎత్తైన బల్ల, తిరిగే కుర్చీ, ఉత్తరానికి నకలు తీసే జంట కలాల యంత్రం అతని వద్ద ఉండేవి. 1776లో స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతి రాసినది తానే రూపకల్పన చేసిన చిన్న ఒడిబల్ల మీద. దాన్ని ఫిలడెల్ఫియా వడ్రంగి బెంజమిన్ రాండాల్ఫ్ తయారుచేశాడు. ఈ ఒడిబల్ల అమెరికా ప్రభుత్వానికి చేరిన కథలో మరొక బల్ల ఉంది. జెఫర్సన్ మనుమరాలు ఎలెన్ 1825లో పెళ్ళి చేసుకొని బోస్టన్ వెళ్ళింది. ఆమె కోసం జాన్ హెమింగ్స్ ఒక రాతబల్ల చేశాడు. హెమింగ్స్ మాంటిసెలోలో బానిసగా ఉన్న నిపుణుడైన వడ్రంగి. చూపు మందగించిన వయసులో చేసిన పని అది. సముద్రమార్గాన పంపిన ఆ బల్ల దారిలో నాశనమైంది. దానికి బదులుగా జెఫర్సన్ తన ఒడిబల్లను ఎలెన్ భర్తకు కానుకగా పంపాడు. ఆ కుటుంబం 1880లో దాన్ని జాతికి అప్పగించింది. నేడు అది స్మిత్‌సోనియన్ సంగ్రహాలయంలో ఉంది. ప్రదర్శనశాలలో ఉన్న బల్ల వెనుక మునిగిపోయిన బల్ల ఒకటి ఉన్నదన్న సంగతి ఆవిష్కరణల చరిత్రకు సంబంధం లేని విషయం కాదు. యజమాని పేరు బల్లకు అంటిపెట్టుకుంటుంది; దాన్ని చెక్కిన చేయి ఉత్తరాలలో మాత్రమే మిగులుతుంది.

గుమాస్తాల శతాబ్ది

19వ శతాబ్దిలో కార్యాలయాలు పెరిగాయి. బల్లల పేటెంట్లు కూడా పెరిగాయి. అయితే అవి వేరే సమస్యకు సమాధానాలు. ఇండియానాపొలిస్‌కు చెందిన విలియం వూటన్ 1874లో పేటెంటు పొందిన బల్ల తలుపుల్లా తెరచుకొనేది. లోపల పదుల కొద్దీ కాగితపు గూళ్ళు. బఫలోకు చెందిన ఏబ్నర్ కట్లర్ 1882లో పేటెంటు పొందిన చుట్టమూత బల్ల పని ముగియగానే అంతటినీ కప్పి తాళం వేసేది. రెండింటి ధ్యేయం కాగితాన్ని సర్దడం, దాచడం. కూర్చున్న మనిషి నడుము వాటి లెక్కలోనికి రాలేదు.

ఒంటి కొలతను బల్లతో ముడిపెట్టిన ఆలోచన కార్యాలయంలో కాక పాఠశాలలో మొదలైంది. బ్రెస్లావ్ కంటి వైద్యుడు హెర్మన్ కోన్ 10,060 మంది విద్యార్థుల చూపును పరీక్షించి 1867లో ఫలితాలు ప్రచురించాడు. పై తరగతులకు పోయినకొద్దీ హ్రస్వదృష్టి పెరుగుతున్నదని అతడు గమనించాడు. చాలని వెలుతురును, పిల్లల ఎత్తుకు తగని బల్లలను కారణాలుగా చూపాడు. హ్రస్వదృష్టికి బల్లే కారణమన్న వాదాన్ని నేటి వైద్యం అదే రూపంలో అంగీకరించదు. అయినా ఆ చర్చ ఫలితంగా బడి బల్లలు వేర్వేరు కొలతలలో రావడం మొదలైంది. తప్పు కారణం నుంచి ఒప్పు ఆచరణ పుట్టడం సాంకేతిక చరిత్రలో అరుదేమీ కాదు.

టైపురైటర్ వచ్చాక మరో చిక్కు ఏర్పడింది. యంత్రం మీటలు బల్ల కన్నా ఎత్తులో ఉంటాయి కనుక టైపు బల్లను మామూలు బల్ల కన్నా కొన్ని అంగుళాలు తగ్గించవలసి వచ్చింది. తెలుగునాట టైపు ఇన్‌స్టిట్యూట్లలో నేర్చుకొన్న తరాలకు ఆ పొట్టి బల్లలు గుర్తే. తగ్గించిన కొలత కూడా స్థిరమైనదే, అందరికీ ఒకటే. అమెరికాలో విలియం హెన్రీ లెఫింగ్‌వెల్ 1917లో కార్యాలయ పనికి శాస్త్రీయ నిర్వహణ సూత్రాలను అన్వయిస్తూ గ్రంథం రాశాడు. గుమాస్తా చేతి కదలికలను లెక్కించడం, వృథా కదలికలను తొలగించడం ఆ దృష్టికి మూలం. రమజ్జీని వ్యాధికారణంగా చెప్పిన 'విరామం లేని ఒకే కదలిక' ఇక్కడ సామర్థ్యానికి గురుతుగా మారింది.

దీపం చూపిన దారి

కంప్యూటర్ తెరను గాలిలో తేలించినట్టు నిలిపే మానిటర్ చేయికి పూర్వరూపం ఒక దీపం. ఇంగ్లండులోని బాత్ నగరానికి చెందిన జార్జ్ కార్వర్డీన్ వాహనాల సస్పెన్షన్ల మీద పనిచేసిన ఇంజినీరు. ఏ స్థానంలో వదిలితే ఆ స్థానంలోనే నిలిచే చేయిని అతడు రూపొందించి 1932లో పేటెంటు కోరాడు. రెడిచ్‌లోని హెర్బర్ట్ టెర్రీ స్ప్రింగుల కర్మాగారం దాన్ని ఆంగిల్‌పాయిజ్ అన్న పేరుతో తయారుచేసింది.

ఇందులోని యుక్తి వివరించదగినది. స్ప్రింగు సాగినకొద్దీ ఎక్కువ బలంతో లాగుతుంది. దీపం బరువు మాత్రం మారదు. అయితే చేయి వాలిన కోణాన్ని బట్టి ఆ బరువు కీలును తిప్పే శక్తి మారుతుంది. చేయి అడ్డంగా చాచినపుడు అది అత్యధికం, నిలువుగా ఉన్నపుడు అత్యల్పం. స్ప్రింగు బిగించే బిందువులను సరిగా ఎంచుకుంటే ఈ రెండు మార్పులూ ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. అప్పుడు ఏ కోణంలోనైనా చేయి సమతూకంలో ఉంటుంది. బిగించడానికి మర అక్కరలేదు, విప్పడానికి పనిముట్టు అక్కరలేదు. వేలితో తోస్తే చాలు. అంతకుముందు చాలా సర్దుబాట్లకు మూడు పనులు కావాలి: వదులు చేయడం, జరపడం, మళ్ళీ బిగించడం. కార్వర్డీన్ వాటిని ఒకటిగా కుదించాడు. సర్దుబాటుకు అవసరమైన శ్రమ తగ్గితేనే జనం సర్దుబాటు చేసుకుంటారన్న సంగతి తరువాతి బల్లల చరిత్రలో పదే పదే రుజువైంది.

గాజు గొట్టపు మానిటర్లు 15 నుంచి 20 కిలోల బరువు ఉండేవి. వాటిని చేయిపై నిలపడం కష్టం కాబట్టి అవి బల్లలోని లోతునంతా ఆక్రమించి కూర్చునేవి. పలుచని తెరలు వచ్చాక బరువు ఐదారు కిలోలకు దిగింది. వెనుకవైపు బిగింపు రంధ్రాల దూరాన్ని నిర్ణయించే వీసా ప్రమాణం 1997లో రూపొందింది. సాధారణ తెరలకు 75 లేదా 100 మిల్లీమీటర్ల చతురస్రం. నాలుగు రంధ్రాల మధ్య దూరం మీద కుదిరిన ఒప్పందం వల్ల ఏ సంస్థ తెరనైనా ఏ సంస్థ చేయికైనా బిగించే వీలు కలిగింది. ఇంత చిన్న ఒప్పందం చేసిన మేలు పెద్ద పెద్ద పేటెంట్లు చేసిన మేలుకు తీసిపోదు.

1968: రెండు కలలు

1968లో జరిగిన రెండు సంఘటనలను కలిపి చూడాలి. ఆ ఏడాది డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ సుమారు వేయిమంది ముందు ఒకటిన్నర గంటసేపు తన కంప్యూటర్ వ్యవస్థను ప్రదర్శించాడు. మౌస్ లోకానికి పరిచయమైనది ఆ సభలోనే. దాని తొలి నమూనాను బిల్ ఇంగ్లిష్ 1964లో నిర్మించాడు. 1967లో దరఖాస్తు చేసిన పేటెంటు 1970 నవంబరు 17న మంజూరైంది. హక్కు స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ది. ఎంగెల్‌బార్ట్‌కు రాయల్టీ రాలేదు.

మౌస్ గురించి రాసినంతగా ఆ రోజు అతడు కూర్చున్న ఆసనం గురించి ఎవరూ రాయలేదు. దాన్ని రూపొందించినవాడు హెర్మన్ మిల్లర్ సంస్థకు చెందిన జాక్ కెల్లీ. కీబోర్డు ఉన్న పళ్ళెం కుర్చీ చేతులకే అమరి ఉంది. దానికి కుడివైపు మౌస్ తిరిగే చోటు, ఎడమవైపు ఐదు మీటల ఉపకరణం. మనిషి కదిలితే పనిముట్లూ కదులుతాయి. గంటం పట్టిన లేఖకుడి ఒడిలోని తాటాకును తలపించే ఏర్పాటు ఇది. మౌస్ కింద వేసే చాపను కూడా కెల్లీయే తొలుత రూపొందించాడు. ఆ సమగ్రమైన పనిస్థలంలో నుంచి మార్కెట్టు మౌస్‌ను మాత్రమే తీసుకొన్నది, ఆసనాన్ని వదిలేసింది.

రెండవ సంఘటన అదే హెర్మన్ మిల్లర్ సంస్థది. అక్కడి పరిశోధకుడు రాబర్ట్ ప్రాప్స్ట్ మనిషి రోజంతా ఒకే భంగిమలో ఉండరాదని నమ్మినవాడు. 1964లో జార్జ్ నెల్సన్ రూపకల్పనతో వచ్చిన 'యాక్షన్ ఆఫీస్'లో కూర్చునే బల్లతోపాటు నిలబడి పనిచేసే ఎత్తైన బల్ల కూడా ఉండేది. చూడటానికి అందంగా ఉన్నా ఖరీదు వల్ల అది అమ్ముడుపోలేదు. 1968లో ప్రాప్స్ట్ రెండవ రూపం తెచ్చాడు. నిలువు పలకలకు వరుసగా గాళ్ళు. వాటిలో కొక్కేలు తగిలించి రాత పలకను కావలసిన ఎత్తులో అమర్చుకోవచ్చు. పలకలను విశాలమైన కోణాలలో కలిపి గదిని తెరచి ఉంచాలన్నది అతని ఉద్దేశం. సంస్థలు వాటిని లంబకోణంలో బిగించాయి. అలా క్యూబికిల్ పుట్టింది. తన ఆవిష్కరణ ఇలా మారడం చూసి ప్రాప్స్ట్ చివరి రోజుల వరకు బాధపడ్డాడు.

అతని విచారం నిజమైనదే. కానీ లోపం వాడుకలోనే కాదు, రూపకల్పనలోనూ కొంత ఉంది. గాళ్ళలో పలకను జరపాలంటే బల్లపై ఉన్నదంతా తీయాలి, ఇద్దరు మనుషులు పట్టాలి. అంటే ఎత్తు మార్చే అధికారం భవన నిర్వాహకుడిది, కూర్చున్నవారిది కాదు. ట్రోన్షాఁ బల్లలో ఉన్న మీట ఇక్కడ మాయమైంది. బల్లకు సర్దుబాటు గుణం ఉండటం, దాని ముందు కూర్చున్న మనిషికి సర్దుబాటు హక్కు ఉండటం ఒకటి కాదు. ఎర్గొనామిక్స్ సాహిత్యం ఈ భేదాన్ని తరచుగా దాటవేస్తుంది.

మణికట్టు నొప్పి, చట్టం

1970ల చివర బ్యాంకులు, బీమా సంస్థలు, టెలిఫోను శాఖలు, పత్రికా కార్యాలయాలలో తెరలు ప్రవేశించాయి. ఆ తొలి యంత్రాలు అనేకం తెర, కీబోర్డు ఒకే పెట్టెలో అతుక్కొన్నవి. కీబోర్డును చేతికి అనువైన ఎత్తులో పెడితే తెర కిందికి పోయి మెడ వంగుతుంది. తెరను కంటి ఎత్తుకు లేపితే చేతులు పైకి లేచి భుజాలు బిగుసుకుంటాయి. ఈ రెండు బాధలలో ఏదో ఒకటి ఎంచుకోవలసిన స్థితిలో ఉన్నవారు ఎక్కువగా డేటా నమోదు చేసే మహిళలు. ముడిచుట్టల తీగతో విడివడిన కీబోర్డు, దాని వాలు మార్చే కాళ్ళు 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌తో విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. చూడటానికి అల్పమైన మార్పు. కానీ కంటినీ చేతినీ ఒకదాని నుంచి ఒకటి విడిపించినది ఆ తీగే.

కీబోర్డు ఆకృతిపై ఆలోచన మరింత పాతది. జర్మనీలో క్లాకెన్‌బర్గ్ 1926లోనే మీటల పలకను రెండుగా చీల్చాలని ప్రతిపాదించాడు. కార్ల్ క్రోమర్ 1972లో ప్రయోగాలతో ఆ ఆలోచనను బలపరిచాడు. రెండు భాగాలను ఇంటి కప్పులా ఇరువైపులకు వాల్చితే ముంజేతిని మెలితిప్పవలసిన అవసరం తగ్గుతుందని చూపాడు. సామాన్య వినియోగదారుకు చీలిన కీబోర్డు అందినది 1994లో, మైక్రోసాఫ్ట్ 'నేచురల్' పేరుతో. ప్రతిపాదనకూ బజారుకూ నడుమ 68 ఏళ్ళు.

ఆ నడుమ కాలంలోనే బాధ సామూహికంగా బయటపడింది. 1980ల తొలి సగంలో ఆస్ట్రేలియాలో వేలాదిమంది కీబోర్డు ఉద్యోగులు చేతి నొప్పులతో పరిహారం కోరారు. ఇది కండరాల గాయమా, పనిపరిస్థితులపై అసంతృప్తి శరీరంలో ప్రకటితమైన తీరా అన్నదానిపై అక్కడి వైద్యులు రెండుగా చీలిపోయారు. బాధ నిజం కాదన్నవారి వాదంలో ఒక బలహీనత ఉంది. రమజ్జీని గుమాస్తాలు పరిహారం కోరలేదు, వారికి సంఘాలు లేవు. అయినా వారి చేతులు నొప్పి పెట్టాయి.

జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎతియెన్ గ్రాంజాఁ, అతని సహచరులు ఈ దశలో చేసిన పని ప్రత్యేకంగా గమనించదగినది. పాఠ్యపుస్తకాలు నడుము, మోకాలు, మోచేయి అన్నీ లంబకోణంలో ఉన్న నిటారు మనిషి బొమ్మను ఆదర్శంగా చూపేవి. గ్రాంజాఁ బృందం రోజూ పనిచేసే ఆపరేటర్లకే పూర్తిగా సర్దుబాటు చేసుకోగల బల్లలు ఇచ్చి, వారు ఏ స్థితిని ఎంచుకుంటారో కొలిచింది. 1983లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వారు నిటారుగా కూర్చోలేదు. కొంత వెనుకకు వాలారు. కీబోర్డును సిఫారసుల కన్నా ఎత్తులో పెట్టుకొన్నారు. దాదాపు అదే సమయంలో డెన్మార్క్ శస్త్రవైద్యుడు మాండల్ సరిగ్గా వ్యతిరేకమైన సలహా ఇచ్చాడు: ఆసనం ముందుకు వాలాలి, బల్ల ఎత్తుగా, ఏటవాలుగా ఉండాలి. ఇద్దరిలో ఎవరు సరి అన్న ప్రశ్నకు జవాబు వారు చూసిన పనులలో ఉంది. మాండల్ దృష్టిలో ఉన్నది పుస్తకంపై వంగి రాసే విద్యార్థి. గ్రాంజాఁ దృష్టిలో ఉన్నది తెర చూస్తూ మీటలు నొక్కే ఉద్యోగిని. రెండూ చేయవలసిన మనిషికి ఒక స్థిరమైన బల్ల ఎన్నటికీ సరిపోదు. సర్దుబాటుకు ఇంతకన్నా బలమైన శాస్త్రీయ సమర్థన దొరకదు.

అమెరికాలో 1973లో బోస్టన్‌లో మొదలైన 'నైన్ టు ఫైవ్' మహిళా కార్యాలయ ఉద్యోగుల ఉద్యమం తెరల సమస్యను చేపట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలోని సఫోక్ కౌంటీ 1988లో తెర ఉద్యోగుల రక్షణకు చట్టం చేసింది. మరుసటి ఏడాది కోర్టు కొట్టివేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 1990 డిసెంబరులో చేసిన చట్టానికి 1992లో అదే గతి పట్టింది. కేంద్రస్థాయిలో 2000 నవంబరులో వెలువడిన ఎర్గొనామిక్స్ నిబంధనను 2001 మార్చిలో కాంగ్రెసు రద్దుచేసింది. ఐరోపా దారి వేరు. 1990 మే 29 నాటి ఐరోపా సముదాయ ఆదేశం తెర తిరగాలి, వంగాలి అని, కీబోర్డు తెర నుంచి విడిగా ఉండాలి అని, కుర్చీ ఎత్తు మారాలి అని, కోరినవారికి కాలిపీట ఇవ్వాలి అని నిర్దేశించింది. బల్ల విషయంలో మాత్రం అది తగినంత పెద్దదిగా, మెరుపు లేకుండా ఉంటే చాలన్నది. అందులో అన్నింటికన్నా ఖరీదైన వస్తువు బల్లే.

స్వీడన్‌లో ఉద్యోగసంఘాల సమాఖ్య టీసీఓ మరో ఉపాయం పన్నింది. 1992 నుంచి తన ప్రమాణాలకు సరిపోయిన మానిటర్లకు ముద్ర ఇవ్వడం ప్రారంభించింది. హైదరాబాదులో 2000 ప్రాంతంలో కంప్యూటర్ కొన్నవారు తెర అంచున చూసిన 'టీసీఓ 99' చీటీ ఒక కార్మిక సంఘం ముద్ర అని వారిలో ఎందరికి తెలుసునో!

మీట నొక్కితే లేచే బల్ల

కీబోర్డు పళ్ళెం, కాలిపీట, తెర కింది దిమ్మ ఇవన్నీ 1980ల తరువాత పేటెంట్ల రూపంలో వెల్లువెత్తాయి. వీటన్నింటి ఉమ్మడి లక్షణం ఒకటే: బల్లను ముట్టుకోకుండా దాని తప్పును సరిదిద్దడం. బల్లను దించలేము కనుక కీబోర్డును దాని కిందికి దించే పళ్ళెం. నేలను లేపలేము కనుక పాదాలను లేపే పీట.

బల్లనే లేపే విద్యకు మోటారు కావలసి వచ్చింది. డెన్మార్క్‌లోని ఆల్స్ ద్వీపంలో బెంట్ జెన్సెన్ 1979లో తన తొలి లీనియర్ యాక్చుయేటర్‌ను తయారుచేశాడు. అతని సంస్థ లినాక్ ఆసుపత్రి మంచాలు, రోగులను లేపే పరికరాలతోపాటు బల్ల కాళ్ళనూ ఉత్పత్తి చేసింది. రోగి మంచాన్ని, ఉద్యోగి బల్లను ఒకే యంత్రం ఎత్తడం ఆలోచించదగిన బంధుత్వం. ఒకదానిలో ఒకటి ఇమిడే గొట్టాలు కాలుగా పనిచేస్తాయి. లోపల మరచుట్ల కడ్డీ, దానిపై కదిలే నట్టు, కడ్డీని తిప్పే మోటారు. మరచుట్లు దగ్గరగా ఉండటం వల్ల కరెంటు పోయినా బరువు కడ్డీని వెనక్కి తిప్పలేదు, బల్ల కూలదు. అసలు చిక్కు రెండు కాళ్ళు సమానంగా లేవడం. ఒకవైపు పుస్తకాలు, మరోవైపు ఖాళీ ఉంటే ఒక మోటారు వెనుకబడుతుంది, బల్ల ఒరిగి బిగుసుకుపోతుంది. అందుకే నియంత్రణ పెట్టె ప్రతి మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో సంకేతాల ద్వారా లెక్కిస్తూ ముందున్నదాన్ని ఆపి వెనుకనున్నదాన్ని కలుపుకుంటుంది.

ఈ బల్లలకు తరువాత వైద్యశాస్త్రం నుంచి కొత్త ఊతం దొరికింది. జెర్రీ మోరిస్ 1953లో లండన్ బస్సు డ్రైవర్ల కన్నా మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని చూపాడు. జేమ్స్ లెవిన్ బృందం 2005లో స్థూలకాయులు ఇతరుల కన్నా రోజుకు సుమారు రెండు గంటలు ఎక్కువ కూర్చుంటారని తెలిపింది. అయితే ఈ ఆధారాల నుంచి బల్ల కొనుగోలు దాకా ప్రచారం వేసిన గంతు పెద్దది. 2018 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం సిట్-స్టాండ్ బల్లలు తొలి నెలల్లో కూర్చునే కాలాన్ని రోజుకు సగటున 100 నిమిషాలు తగ్గించాయి. కాలం గడిచేకొద్దీ ఆ తగ్గుదల గంటకు లోపుకు పడిపోయింది. ఆధారాల నాణ్యత తక్కువేనని సమీక్షకులే అన్నారు. కండక్టరు నిలబడలేదు, నడిచాడు. మోరిస్‌ను ఉదహరించి నిలువు బల్లను అమ్మేవారు మరచేది ఇదే.

ఐదడుగుల ఉద్యోగిని

భారతీయ కార్యాలయపు బల్ల సాధారణ ఎత్తు 75 సెంటీమీటర్లు. ఇది 30 అంగుళాలకు దశాంశ రూపం తప్ప మరేమీ కాదు. ఐదడుగుల ఎత్తున్న స్త్రీ పాదాలు నేలకు ఆనించి కూర్చున్నపుడు ఆమె మోచేయి నేల నుంచి సుమారు 60–65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. భారతీయ స్త్రీల సగటు ఎత్తు దాదాపు అంతే. అంటే సగటు ఉద్యోగినికి బల్ల జానెడు కాకున్నా బెత్తెడు ఎత్తు ఎక్కువ. ఆమె భుజాలు ఎగరేసి టైపు చేస్తుంది, లేదా కుర్చీని పైకి లేపుతుంది. కుర్చీ లేస్తే పాదాలు వేలాడతాయి, తొడల కింద నరాలు ఒత్తుకుంటాయి. కాలిపీట లేని చోట బల్ల కింది సీపీయూ పెట్టె, కాగితాల కట్ట కాలిపీటగా మారతాయి. సిట్-స్టాండ్ బల్లల ప్రచారం ఎత్తుగా లేవడాన్ని చూపిస్తుంది. ఈమెకు కావలసినది కిందికి దిగడం. చౌకరకపు మోటారు బల్లలు అనేకం 70 సెంటీమీటర్ల కన్నా కిందికి దిగవు.

భారతీయ శరీరకొలతలను రూపకర్తల కోసం క్రోడీకరించిన దేబ్‌కుమార్ చక్రవర్తి గ్రంథాన్ని అహమదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో ప్రచురించింది. మరుసటి ఏడాది నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. కొలతల పట్టిక, కొలవవలసిన మనుషులు ఒకేసారి సిద్ధమయ్యారు. కానీ కార్యాలయాలు ఆ పట్టికను అడగలేదు. విదేశీ ఖాతాదారు కార్యాలయపు నమూనానే దిగుమతి చేసుకొన్నాయి. కాల్‌సెంటర్ల పరిశ్రమ తన సామర్థ్యాన్ని 'సీట్ల' లెక్కన చెప్పుకుంటుంది. ఒకే సీటులో పగటి షిఫ్టులో ఒకరు, రాత్రి షిఫ్టులో మరొకరు కూర్చుంటారు. ఆరడుగుల మనిషి లేచిన కుర్చీలో ఐదడుగుల మనిషి కూర్చునే ఈ ఏర్పాటులో సర్దుబాటు ఏడాదికోసారి అవసరమయ్యేది కాదు, ప్రతి ఎనిమిది గంటలకూ అవసరమయ్యేది. అక్కడ నియమితమైన ఎత్తు గల బల్ల ఎవరికీ తగనిదిగా మిగిలిపోతుంది.

ఇదే కాలంలో దేశంలో మరొక వాదం కోర్టుల వెలుపల, దుకాణాల ముందు నడిచింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షను నిలబడి పనిచేసే కార్మికులకు వీలున్నపుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని ఆదేశించింది. అది ఫ్యాక్టరీలకే పరిమితం. వస్త్రదుకాణాలలో రోజంతా నిలబడే అమ్మకపు ఉద్యోగినులు కూర్చునే హక్కు కోసం ఆందోళన చేయగా కేరళ 2018లో దుకాణాల చట్టాన్ని సవరించింది. తమిళనాడు 2021లో సవరించింది. ఆ సవరణలు కోరినది మోటారును కాదు, పేటెంటునూ కాదు. కౌంటరు వెనుక ఒక స్టూలును, ఖాతాదారు లేనపుడు దానిపై కూర్చోవడానికి అనుమతిని.